పైన కాదు, మీద

మా ఆయన బోధన్‌లో ఒక డిగ్రీ కాలేజీలో వ్యాయామ అధ్యాపకుడిగా పనిచేసేవాడు. పిల్లలు పీడీ సార్ అనేవాళ్లు. ఆయన గదిలో, బంతుల సంచులకు పైన, గోడకు ఒక పటం వేలాడేది. కాలేజీకున్న రెండు ఆటస్థలాలు, వాటి మధ్య ఊరు, ఊరి పక్కనుంచి పోయే కాలువ, ఆడపిల్లల హాస్టల్, రైల్వే స్టేషన్ అందులో ఉండేవి. ఉత్తర దిక్కు బాణం గుర్తుకు ఎర్ర సిరా వాడాను. అవును, గీసింది నేనే.

నేను చదువుకున్నది పదో తరగతి దాకా. మిగిలిందంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. బోధన్ శాఖా గ్రంథాలయంలో వార్తాపత్రికల బల్ల చుట్టూ ఎప్పుడూ మగవాళ్లే ఉండేవాళ్లు. నేను లోపలి గదిలోకి వెళ్లి, ఎవరూ ముట్టని అల్మారా ముందు కింద కూర్చునేదాన్ని. భూమి కొలతల పుస్తకం, నక్షత్రాల పుస్తకం, విజ్ఞాన సర్వస్వంలో మధ్యలో ఒకటి పోగా మిగిలిన సంపుటాలు. అక్కడివన్నీ అయిపోయాక బస్సెక్కి నిజామాబాద్ జిల్లా గ్రంథాలయానికి పోయేదాన్ని. స్కేలు అంటే ఏమిటో, పటం మూలలో గుర్తుల పట్టిక ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు. నేనే నేర్చుకున్నాను. ఆ గర్వం నాకు ఉండేది, ఇప్పుడూ ఉంది. ఇంట్లో ఎవరైనా సూర్యుడు తూర్పున పొడుస్తాడంటే, ఈ నెలలో ఆగ్నేయానికి ఒరిగి పొడుస్తాడని దిద్దకుండా ఉండలేను.

మా ఆయనకు ఈల, బంతి, పిల్లలు ఉంటే చాలు, కాగితం అంటే గిట్టదు. అందుకే విశ్వవిద్యాలయం నుంచి తనిఖీకి వచ్చే ప్రతిసారీ ఆటస్థలాల పటం నా పని అయ్యేది. తెల్లవారుజామున ఇద్దరం తాడు పట్టుకుని కొలిచేవాళ్లం. చెరకు బండ్ల వాళ్లు ఆగి, "ఏం సారూ, భూమి కొంటున్నరా?" అని అడిగేవాళ్లు. ఆయన నవ్వి, "కొనేటంత ఉంటే గిట్లెందుకుంటమే" అనేవాడు. ఆ పొద్దుల్లో ఆయన నా వెనక తాడు మోసేవాడు. ఎటు నడవమంటే అటు నడిచేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా మాట మీద ఆయన నడిచింది అక్కడ ఒక్కచోటే.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యాక ఆ రెండు స్థలాల్లో ఒకటి పోయే పరిస్థితి వచ్చింది. రెండూ కౌలువే. ఒకటి స్టేషన్ దగ్గర, రోడ్డును ఆనుకుని ఉంది. మగపిల్లలు సాయంత్రాలు దాని ప్రహరీ గోడ మీద వరసగా కూర్చునేవాళ్లు. రెండోది ఊరికి ఇంకో చివర, కాలువ గట్టు కింద, హాస్టల్‌కు దగ్గరగా. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న ఒక రైతుది. కౌలు గడువు ఆ ఎండాకాలంతో అయిపోతుంది, కాలేజీకి వద్దంటే ఆయన మళ్లీ చెరకు నాటుకుంటాడు. కాలేజీ కమిటీ పెద్దలు ఒక్క స్థలం చాలన్నారు, ఏది ఉంచాలో మా ఆయనను లెక్క తీసి చెప్పమన్నారు.

కాలువ పక్కది పోతే ఆడపిల్లల ఖోఖో జట్టు పోయినట్టే. ఆ గోడ మీద కూర్చునే వాళ్ల ముందు ఆడమని ఏ తల్లిదండ్రులూ పిల్లల్ని పంపరు. జట్టు కెప్టెన్ మా గల్లీ పిల్లే. వాళ్ల నాన్న చక్కెర ఫ్యాక్టరీలో కూలి, ఆదివారం మెథడిస్టు చర్చిలో డోలక్ వాయించేవాడు. ఆ పిల్ల మా ఇంటి ముందు నుంచి పోతూ ప్రతిరోజూ ఒకటే అడిగేది: "అక్కా, మన గ్రౌండ్ ఉంటదా, పోతదా? సార్ ఏమన్నడు?"

"పటం గీసి కమిటీకి ఇస్తం. చూసుకుందాం తియ్యి" అనేదాన్ని.

ఇస్తం అన్నానే కానీ, ఇవ్వమని నన్ను ఎవరూ అడగలేదు. ఆ ఏడే కాలేజీకి భూగోళశాస్త్రం చెప్పడానికి కొత్త మేడం వచ్చింది. సముద్రం ఒడ్డున ఒక పెద్ద పట్నంలో చదువుకుంది. నాకంటే చిన్నది. ఆమె సంచిలో సబ్బు పెట్టెంత యంత్రం ఒకటి ఉండేది. దాన్ని పట్టుకుని ఆరుబయట నిలబడితే, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను వెతుక్కుని, మనం భూమి మీద ఎక్కడున్నామో అంకెల్లో చూపిస్తుంది. ఆమె మొదటిసారి మా ఆయన గదికి వచ్చినప్పుడు గోడ మీది పటం చూసి ఏమన్నదో ఆయన సంతోషంగా ఇంటికొచ్చి చెప్పాడు.

"'ఎవరు గీశారు సార్? చేత్తో గీసినదానికి చాలా బాగుంది' అన్నది."

ఆయన దృష్టిలో అది మెప్పు. నాకు మాత్రం 'గీసినదానికి' అన్న మాట చివర ఉన్న ఆ 'దానికి' చేపముల్లులా గొంతులో ఇరుక్కుంది. వారం దాకా దిగలేదు.

తర్వాత ఇద్దరూ కలిసి ఆటస్థలాలు కొలవడం మొదలుపెట్టారు. తాడు లేదు, తెల్లవారుజాము లేదు. ఆమె యంత్రం పట్టుకుని అంచు వెంట నడుస్తుంటే ఈయన గొడుగు పట్టుకుని పక్కన నడిచాడట. స్కూటర్ మీద ఆమెను వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా తిరిగాడు. బావి దగ్గర ఎదురింటి అవ్వ నన్ను వదల్లేదు.

"ఏం బిడ్డా, మీ ఆయన కొత్త మేడంను బండి మీద తోల్కపోతుండట?"

"గ్రౌండ్లు కొలుస్తుండ్రు అవ్వా."

"కొల్శేటందుకు ఇద్దరు గావాల్నా?"

"మేమిద్దరం కొలవలేదా మరి?"

"మీరు కొల్శినప్పుడు గొడుగు పట్టిండా?"

అవ్వ నవ్వుకుంటూ బిందె ఎత్తుకుంది. కానీ ఆమె అనుకున్నట్టు నాకు కుళ్లు బండి వెనక సీటు మీద కాదు. ఆయన సంగతి నాకు తెలుసు, ఆ మనిషికి కబడ్డీ తప్ప ఇంకో ధ్యాస లేదు. నా కడుపుమంట అంతా ఆమె చేతిలో ఉన్నదాని మీద. ఏళ్ల తరబడి కిందకూర్చుని, బూజు దులిపి, పేజీ పేజీ తిప్పి నేర్చుకున్నదాన్ని ఆమె జేబులో వేసుకుని తిరుగుతోంది. పైగా ఆమె మంచిది. చెడ్డదైనా బాగుండు.

ఒకరోజు మా ఇంటికి చాయ్‌కి వచ్చింది. యంత్రాన్ని నా చేతికిచ్చి, "పట్టుకోండక్కా, బయటికి రండి, దీనికి ఆకాశం కనబడాలి" అంది. నేను రేకుల కిందనుంచి వాకిట్లోకి వచ్చాను. కాసేపు గీతలు మెరిశాయి, ఆ తర్వాత అంకెలు నిలిచాయి. అక్షాంశం, రేఖాంశం. ఆ రెండు మాటలు నేను పుస్తకంలో చదివినప్పుడు ఎంత పులకించానో నాకే తెలుసు. ఇప్పుడు అవి నా వాకిలివి, నా అరచేతిలో ఉన్నాయి. "ఉపగ్రహాలు ఎన్ని దొరికితే కొలత అంత కచ్చితంగా వస్తుంది కదా?" అని అడిగాను. ఆమె కళ్లు పెద్దవి చేసి, "మీకు ఎలా తెలుసక్కా?" అంది. "పేపర్లో చదివిన" అన్నాను. ఆమె ఆశ్చర్యపోవడం కూడా నాకు నచ్చలేదు. నాకు తెలియదని ముందే అనుకుంటేనే కదా ఆశ్చర్యం.

స్థలాలు కొలిచాక ఆమె ఆటగాళ్లందరికీ చీటీలు పంచింది. ఎక్కడి నుంచి వస్తారు, ఎలా వస్తారు, ఏ గ్రౌండ్‌లో ఆడతారు, అంతే. జక్రాన్‌పల్లి నుంచి బస్సులో వచ్చే వాళ్లు, హాస్టల్ నుంచి నడిచే వాళ్లు, ఫ్యాక్టరీ క్వార్టర్ల వాళ్లు అందరూ రాసిచ్చారు. ప్రతి పిల్ల ఇంటి నుంచి ఆ పిల్ల ఆడే గ్రౌండ్‌కు కంప్యూటర్‌లో ఒక గీత గీస్తుందట. గీతలు ఎటు ఎక్కువ పోతే ఆ స్థలం ఉండాలి. ఎంత తేలికైన, ఎంత చక్కని ఆలోచన! అది నాకెందుకు తట్టలేదని రాత్రి పక్క మీద పళ్లు కొరుక్కున్నాను.

గీతలు గీసే ముందు, స్థలాలు మాత్రమే ఉన్న మొదటి కాగితాన్ని మా ఆయన ఇంటికి తెచ్చాడు. రంగుల అచ్చు. "మేడం నీకు సూపియ్యమన్నది. తప్పులుంటే చెప్పాలెనట."

అంతకంటే మంచి అవకాశం నాకు ఇంకేం కావాలి? అన్నం పొయ్యి మీద పెట్టి కాగితాన్ని నేల మీద పరిచాను. స్కేలు, దారం తెచ్చుకున్నాను. స్టేషన్ స్థలం పొడవు సరిపోయింది. హాస్టల్ నుంచి కాలువకు దూరం సరిపోయింది. బాణం గుర్తు సరిగ్గా ఉత్తరానికే ఉంది. చివరికి కాలువ వంపు దగ్గర పట్టుకున్నాననుకున్నాను. నా పటంలో అది మెల్లగా తిరుగుతుంది, ఆమె పటంలో మోచేయి మడిచినట్టు ఉంది. తెల్లవారగానే గట్టు మీదికి పోయి చూశాను. మోచేయే. ఏళ్లుగా మా ఆయన గోడ మీద తప్పు కాలువ పారుతోంది. ఇంటికొస్తే అన్నం మాడిన గిన్నె ఇంకా తోమకుండా ఉంది.

"ఏమన్న తప్పులున్నయా?" అన్నాడు ఆయన.

"లేవు" అన్నాను. అంత కష్టమైన మాట నేను ఎక్కువసార్లు అనలేదు.

కొన్ని రోజులకు ఆయన ఈల ఊదుకుంటూ ఇంటికొచ్చాడు. "లెక్కలు అచ్చినయే! మీది గ్రౌండ్లనే ఎక్కువ మంది ఆడుతుండ్రట. మీదిదే ఉంచాలెనని మేడం రాసింది. రేపు గోడకు పెడ్తది, ఎల్లుండి కమిటీ."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా దగ్గర కాలువ బాన్సువాడ దిక్కు నుంచి వస్తుంది, అంటే దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. నీళ్లు ఎటు నుంచి వస్తే అది మాకు 'మీద', ఎటు పోతే అది 'కింద'. మీది పొలం, కింది పొలం, మీది గల్లీ, కింది గల్లీ. కాబట్టి ఊరికి దక్షిణాన కాలువ పక్కనున్న ఆడపిల్లల స్థలం మీది గ్రౌండ్. ఉత్తరాన స్టేషన్ దగ్గరిది కింది గ్రౌండ్. పిల్లలందరూ చీటీల మీద రాసింది ఈ పేర్లే. కాలేజీ ఫైళ్లలో మాత్రం మొదటి ఆటస్థలం, రెండవ ఆటస్థలం అని ఉంటుంది. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు మా ఆయన కాగితం భాషే మాట్లాడతాడు, మేడంతోనూ అలాగే మాట్లాడాడు. నా పటంలోనూ అవే రాశాను. అచ్చు పుస్తకంలో ఉన్నట్టు ఉండాలని.

వార్త వినగానే కెప్టెన్ పిల్ల మా వాకిట్లో గంతులేసింది. "మన గ్రౌండ్ ఉంటదక్కా! మేడం చల్లగుండాలె!" ఆ దీవెన నాకు రావలసింది కదా అనిపించింది. మర్నాడు టిఫిన్ డబ్బా ఇచ్చే సాకుతో కాలేజీకి పోయాను. ఆ డబ్బా ఆయన పొద్దున మరిచిపోయింది కాదు, నేనే కావాలని సంచిలో పెట్టలేదు.

రీడింగ్ హాల్ గోడకు పటం పెట్టారు. చుట్టూ పిల్లలు. నేను సందు చేసుకుని ముందుకు పోయి నేరుగా మూలలో ఉన్న స్కేలు దగ్గరికి, గుర్తుల పట్టిక దగ్గరికి పోయాను. అక్షరదోషమైనా దొరుకుతుందేమోనని. గీతలు ఆకుపచ్చవి, గుంపుగా పైకి పోతున్నాయి. ఉంచవలసిన స్థలానికి పచ్చరంగు, వదిలేయదగిన స్థలానికి బూడిదరంగు. చాలా అందంగా ఉంది. ఆ అందం చూసి ఇంకా మండింది.

అప్పుడు నా భుజం పక్కనుంచి కెప్టెన్ పిల్ల తల దూర్చింది. కాసేపు చూసి, హాస్టల్ మీద వేలు పెట్టి, ఆ గీత వెంట వేలు జరుపుతూ ఊరంతా దాటి స్టేషన్ దాకా పోయింది.

"ఇదేంది మేడం, మమ్ముల స్టేషన్ దిక్కు పంపిండ్రు?"

మేడం దగ్గరికొచ్చింది. "మీరు మీది గ్రౌండ్‌లో ఆడతామనే కదమ్మా రాశారు?"

"ఔ మేడం, మీది గ్రౌండే."

"మరి పటంలో పైనే కదా పెట్టాను, ఉత్తరాన."

"పైన కాదు మేడం, మీద!"

హాలంతా నవ్వింది. మేడంకు అర్థం కాలేదు. "పైనకూ మీదకూ తేడా ఏంటి?"

"అయ్యో, నీళ్లు యాడికెళ్లి అస్తయ్ మేడం? బాన్సువాడ దిక్కుకెళ్లి. మరి గది మీద కాదా? మీరు మా గ్రౌండుకు బూడిద పూశిండ్రు, కింది గ్రౌండుకు పచ్చరంగు ఏశిండ్రు. రేపు కమిటీ సార్లు ఇది సూస్తే మాది గుంజుకపోతరు."

వెనకనుంచి ఒక పిల్లగాడు, "మంచిదే, గోడ మీద కూసోని సూస్తం" అన్నాడు. కెప్టెన్ వెనక్కి తిరిగి, "నీ గోడ కూలిపోను!" అంది.

నేను కాలువ ఒడ్డున పుట్టినదాన్ని. మీద అన్న మాట పాలతో పాటు తాగినదాన్ని. వేలు చాపితే అందేంత దూరంలో నిలబడి అక్షరదోషాలు వెతుకుతున్నాను. ఆ పిల్లకు స్కేలు తెలియదు, బాణం గుర్తు తెలియదు. తను ఆడే చోటు తెలుసు. ఆ పిల్ల మీద కూడా నాకు అసూయ పుట్టింది. ఒకే హాల్లో ఇద్దరి మీద.

ఇప్పుడైనా మేడం ముఖం మాడుతుందేమోనని చూశాను. మాడలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయ్యయ్యో, మీ ఊరిని తలకిందులు చేశానే!" అని గట్టిగా నవ్వింది. గోడకున్న పిన్నులు పీకి, కాగితాన్ని గిర్రున తిప్పి, దక్షిణం పైకి వచ్చేలా పెట్టింది. అక్షరాలన్నీ తలకిందులయ్యాయి. "ఇప్పుడు మీద మీదనే ఉందా?" అని అడిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా ఆయన కూడా కొట్టాడు, నేను తెచ్చిన డబ్బా చంకలో పెట్టుకుని మరీ.

ఆ సాయంత్రమే ఆమె కంప్యూటర్ సెంటర్‌లో కూర్చుని రెండు పేర్లు తారుమారు చేసి గీతలన్నీ మళ్లీ గీయించింది. ఇప్పుడు హాస్టల్ నుంచి పొట్టి గీతలు, గుత్తిగా, పూలచెండులా కాలువ పక్కకు పోయాయి. రాత్రి అన్నం తింటూ మా ఆయన ఊరుకోలేదు.

"ఎంత పెద్ద మనసే ఆమెది! తప్పు అంటే నవ్వింది."

"నేనైతే నవ్వకపోదునా?"

"నువ్వా? నిరుడు పప్పుల ఉప్పెక్కువైందంటే రెండు దినాలు మాట్లాడలే."

"ఉప్పు సరిపోయే ఉండె."

"ఇగో, సూడు మరి."

కమిటీలో పెద్దలు మొదట స్టేషన్ స్థలం వైపే మొగ్గారట. రోడ్డు పక్క కదా, బోర్డు అందరికీ కనబడుతుంది. మేడం పటం పరిచి, ఆడపిల్లల గీతల్ని ఒక్కొక్కటిగా వేలితో చూపించి, ఈ స్థలం తీసేస్తే ఈ గీతలు ఎక్కడికి పోతాయో చెప్పండని అడిగిందట. కాలువ పక్క స్థలం కౌలు పొడిగించారు. ఆ రైతు వచ్చి, "చెరకు ఎక్కడైనా పెరుగుతుందండీ, పిల్లల్ని ఆడుకోనివ్వండి" అన్నాడట. ఇవన్నీ నేను మా ఆయన నోటితో విన్నవే. అక్కడ ఉండవలసినదాన్ని కదా అన్న బాధ ప్రతి వాక్యానికీ పొడిచింది.

ఆ వారంలోనే ఆ స్థలం చదును చేసి, కొత్తగా ఖోఖో కంబాలు పాతారు. పిల్లలు కూర్చునే వరస కాలువకు అడ్డంగా వచ్చింది. చూడ్డానికి పోయాను. గట్టు మీద కూర్చున్నాను. మేడం కూడా వచ్చింది, చెప్పులు విడిచి, కొంగు దోపుకుని పిల్లలతో పాటు వరసలో కూర్చుని ఉంది. ఆట అసలు రాదు. ఖో అంటే లేవడం మరిచిపోయేది, లేచి తప్పు పక్కకు పరుగెత్తేది. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. నాకు తెలిసినన్నాళ్లలో ఆ పిల్లలు నా ముందు అలా నవ్వలేదు. నా ముందు కొంచెం సర్దుకుని కూర్చుంటారు, నేనేదో దిద్దుతానని.

కెప్టెన్ నన్ను చూసింది. "అక్కా, ఒకరు తక్కువున్నరు! దిగిరా!"

"నాకు రాదే."

"మేడంకు అస్తదా? రా జల్ది!"

చీర దోపుకుని దిగాను. వరసలో ఖాళీగా ఉన్న గడి మేడం పక్కదే. ఖోఖోలో పక్కపక్కనున్న వాళ్లు ఒకే దిక్కుకు చూడకూడదు, ఒకరు ఇటు, ఒకరు అటు. ఆమె స్టేషన్ దిక్కుకు మళ్లి కూర్చుని ఉంది. నేను నీళ్లు వచ్చే దిక్కుకు ముఖం పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాను. "వచ్చారా అక్కా, నన్ను కాస్త కాపాడండి" అని ఆమె పక్కకు తలతిప్పి గుసగుసగా అంది. నేను నవ్వినట్టే ఉన్నాను. ఆట మొదలైంది. వెనక అడుగుల చప్పుడు దగ్గరికొస్తుంటే, ఆమెకంటే ముందు నా వీపు మీదే చెయ్యి పడాలని, ఖో నాకే రావాలని గట్టిగా కోరుకుంటూ, నేల మీద వేళ్లు ఆనించి సిద్ధంగా ఉన్నాను.